పాపికొండలు: ‘అభివృద్ధి చెందని’ అడవి వెనుక చరిత్ర

నేను ప్రిపేర్ అవుతున్న బడ్జ్ బడ్జ్‌లో కొండ అన్నదే లేదు. హుగ్లీ నది, జూట్ మిల్లుల గొట్టాలు, అంతే. అందుకేనేమో, గోదావరి మీద లాంచీలో వెళ్తూ చూసిన పాపికొండలు ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంటాయి. అక్కడ రోడ్లు, భవనాలు పెద్దగా కనిపించవు. ‘మనిషి అడుగు పడని అడవి’ అని మనమంతా అనేసుకుంటాం. మెయిన్స్ జవాబులో మాత్రం ఆ మాట రాయకండి.

ఆ కొండల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఉంటున్నారు. వారి సేద్యం పోడు. వేసవిలోపు చెట్లు నరికి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్న, సామ, కంది చల్లుతారు. రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలేస్తే అడవి మళ్లీ పెరుగుతుంది. అంటే మనం ‘సహజం’ అనుకునే పచ్చదనంలో కొంత, ఒకప్పటి పొలమే. హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లపై రాసిన పుస్తకం పేరులోని ‘బైసన్ హిల్స్’ ఈ కొండలే.

మనం గిరిజన తిరుగుబాట్లను ఒక నోట్‌బుక్‌లో, పర్యావరణ చట్టాలను ఇంకో నోట్‌బుక్‌లో రాసుకుంటాం. నా దృష్టిలో ఇక్కడ ఆ రెండూ ఒకే కథ. 1879 మార్చిలో రంప ప్రాంతం ఎందుకు భగ్గుమంది? కల్లు గీతపై ఆబ్కారీ ఆంక్షలు, దానిపై మన్సబుదారు వేసిన చిగురుపన్ను, ముఠాదారుల అసంతృప్తి, కోర్టు వ్యాజ్యాలతో మైదానపు వ్యాపారుల దోపిడీ. అణచడానికి పోలీసులతో పాటు మద్రాసు సైన్యంలోని ఆరు పదాతి పటాలాలు రావాల్సి వచ్చింది. అది చల్లారాక, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్టు హద్దు పడిన చోట పోడు నేరమైంది, పశువుల మేతకు అనుమతి కావాల్సి వచ్చింది.

ఇక రోడ్డు సంగతి. పక్కనున్న గూడెం ప్రాంతంలో తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గిరిజనులతో రోడ్డు పని చేయించాడు. ‘అభివృద్ధి’ ఆ కొండలకు వచ్చింది అలాగే! 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపే వరకు పోరాటం సాగింది. కారణాలు రాసేటప్పుడు అటవీ ఆంక్షలనూ ఈ రోడ్డు పనినీ పక్కపక్కనే పెట్టండి. ఒకటి అడవిని మూసింది, ఇంకొకటి తెరిచింది. రెండింటి భారమూ పడింది వారి మీదే.

స్వాతంత్ర్యం తర్వాతి భాగాన్ని త్వరగా చూద్దాం. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఈ పేరు మార్పు చిన్నది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగవచ్చు. జాతీయ పార్కులో పశువుల మేత కూడా నిషిద్ధం. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం జాతీయ పార్కులను కూడా ‘అటవీ భూమి’ నిర్వచనంలోకి తెచ్చింది. కొండరెడ్ల వంటి ప్రత్యేక బలహీన గిరిజన సమూహాలకు ఆవాస హక్కునూ గుర్తించింది. ప్రిలిమ్స్‌లో చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

2014లో పోలవరానికి జాతీయ ప్రాజెక్టు హోదా వచ్చింది. దాని ముంపులో ఈ గోదావరి లోయలోని కొండరెడ్ల, కోయల ఊళ్లున్నాయి. పోడు కోసం చెట్టు నరకకూడదన్న కొండవాలే ఇప్పుడు జలాశయానికి ఒడ్డు.