ఓడలెక్కిన ఉత్తరములు

తపాలా బిళ్ళలు ప్రోగుచేయు అలవాటు మన విద్యార్థులలో కొందరికి కలదు. పాత కవరు చేతికి చిక్కినచో వారు చేయు మొదటిపని, దాని మూలనున్న బిళ్ళను కత్తిరించి నీటిలో నానవేసి ఊడదీయుట. కవరు చెత్తబుట్ట పాలగును. పందొమ్మిదవ శతాబ్దిలో సముద్రము దాటివచ్చిన ఉత్తరమునకు ఇంతకంటె పెద్ద అపకారము వేరొకటి లేదు. బిళ్ళ ఏ సంవత్సరపుదో పట్టికలు చూచి ఎవరైనను చెప్పవచ్చును. కాని ఆ ఉత్తరము ఏ త్రోవను, ఏ ఓడపై, ఎన్ని దినములకు వచ్చినదో చెప్పగలిగినది ఆ కాగితమొక్కటే. అందుచేత నేడు కొందరు సంగ్రాహకులు బిళ్ళలను గాక ఉత్తరములనే, మడతలు, ముద్రలు, మరకలతో సహా సేకరించుచున్నారు.

ఇండియాకును ఇంగ్లండుకును నడుమ నడచిన ఉత్తరములను తీసికొందము. తెరచాప ఓడల కాలమున ఇవి ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి పోవలసియుండెను. గాలి అనుకూలించినచో నాలుగు మాసములు, లేనిచో ఆరు. మద్రాసునుండి ఒక ప్రశ్న వ్రాసినవానికి జవాబు సంవత్సరమునకు గాని రాదు. ఓడ మునుగునను భయముచే ఈస్టిండియా కంపెనీవారును, వర్తకులును ఒకే ఉత్తరమునకు రెండు మూడు ప్రతులు వ్రాసి వేర్వేరు ఓడలలో పంపెడివారు. అందుచేత ఒకే వ్రాత రెండు చోట్ల దొరకినను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆ కాలపు ఉత్తరములకు కవరు తరచుగా ఉండదు. బ్రిటనులో 1840 వరకు కాగితముల సంఖ్యనుబట్టి సుంకము వసూలు చేసెడివారు. కవరు కూడ ఒక కాగితముక్రింద లెక్కయే. కనుక వ్రాసిన కాగితమునే మడచి, లక్కముద్ర వేసి, పైభాగమున చిరునామా వ్రాసెడివారు. చోటు చాలనప్పుడు కాగితమును అడ్డముగా త్రిప్పి, మొదటి పంక్తులమీదుగనే మరల వ్రాసెడివారు. వీనిని చదువుటకు మంచి కన్నులతోబాటు మంచి ఓపికయు కావలెను!

ఆవిరియంత్రము వచ్చుటతో లెక్క మారెను. 1830 మార్చి 20వ తేదీన 'హ్యూ లిండ్సే' అను 411 టన్నుల పొగయోడ బొంబాయిలో బయలుదేరి, సుమారు ముప్పదిమూడు దినములలో సూయజ్ చేరెను. బొగ్గు నిలువచేయుటకు చోటు చాలక ప్రయాణికుల గదులలో సైతము నింపిరట. ఆ ప్రయాణకాలములో కొంత, త్రోవలోని రేవులలో మరల బొగ్గు ఎత్తుకొనుటకే గడచెను. ఎట్లయినను ఎర్రసముద్రపు త్రోవ సాధ్యమేయని తేలెను.

కాని సూయజ్‌కును మధ్యధరా సముద్రమునకును నడుమ ఇసుక యున్నది గదా! దానిని దాటించు పనికి పూనుకొన్నవాడు థామస్ వాగ్‌హార్న్. బెంగాలు ఓడమార్గదర్శకశాఖలో కొలువుచేసిన ఈ ఆంగ్లేయుడు 1830 దశకములో ఈజిప్టున నిలిచి, వర్తకుల ఉత్తరములను తన బాధ్యతపై చేరవేసెను. 'వాగ్‌హార్న్ గారి ద్వారా, సూయజ్' అను అర్థము గల ముద్ర పడిన ఉత్తరములు నేటికిని దొరకుచున్నవి. అలెగ్జాండ్రియానుండి కాలువపైనను, నైలునదిపైనను కైరోకు, అచ్చటినుండి ఒంటెలపై ఎడారి దాటి సూయజ్‌కు టపా చేరెడిది. తరువాత పెద్ద ఓడకంపెనీలు ప్రభుత్వపు ఒప్పందములతో ప్రవేశించి ఆ వ్యాపారమును కైవసము చేసికొనెను. వాగ్‌హార్న్ 1850లో పేదరికముతో మరణించెను. సూయజ్ కాలువ త్రవ్వించిన లెస్సెప్స్ ఆ కాలువ దక్షిణపు చివర ఆయన విగ్రహమును పెట్టించెను. బ్రదికియుండగా దక్కని గౌరవము పరదేశీయుని చేతిమీదుగా దక్కెనన్నమాట.

1840 దశకములో పి. అండ్ ఓ. కంపెనీవారి 'హిందుస్థాన్' అను ఓడ కలకత్తా సూయజ్‌ల నడుమ తిరుగుట ప్రారంభించెను. ఈ ఓడలు మద్రాసులో ఆగెడివి. అప్పటికి అచ్చట కట్టిన రేవు లేదు. లోతుననే నిలిచిన ఓడనుండి టపాసంచులను మసులా పడవలలో దించి, అలలమీదుగా ఒడ్డునకు తెచ్చెడివారు. మేకులు లేక కొబ్బరిత్రాటితో పలకలను కుట్టిన పడవ లవి. అల బలముగా కొట్టినను విరుగక సాగును. సముద్రము మరింత పొంగినప్పుడు కట్టుమరములవారు ఉత్తరమును తలపైని చాపటోపీలో దాచికొని ఓడకు చేర్చెడివారు. మద్రాసులో దిగిన టపా నెల్లూరు, మచిలీపట్నము, విశాఖపట్నములవైపు సాగుటకు కాలినడకన పరుగెత్తు టపావారే దిక్కు. లండనునుండి కైరో చేరుటకంటె ఈ చివరి మజిలీ శ్రమతక్కువది కాదు.

ఇక ఉత్తరముపైని గుర్తులను చదువుట. 'మార్సేల్స్ మీదుగా' అని వ్రాసియున్నచో అది ఫ్రాన్సును భూమార్గమున దాటినది. వేగము ఎక్కువ, ఖర్చును ఎక్కువే. 'సౌథాంప్టన్ మీదుగా' అనునది స్పెయిన్‌ను చుట్టివచ్చు ఓడ, చౌక, ఆలస్యము. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ యుద్ధము చెలరేగగా ఇండియా టపా ఇటలీలోని బ్రిండిసి రేవునకు మారెను. అందుచేత త్రోవను చూచి ఏటిని ఊహింపవచ్చును. తేదీయు త్రోవయు పొసగనిచో కూటసృష్టియేమోయని అనుమానింపవచ్చును. కొన్ని పాత ఉత్తరములకు ఉలితో చేసినట్లు సన్నని గాట్లుండును. అవి పురుగుల పని కాదు. మహామారి భయముచే మాల్టావంటి చోట్ల ఉత్తరములకు గాట్లుపెట్టి, లోనికి పొగపట్టించియో, వినిగరుతో తడిపియో పంపెడివారు. తాకుటచే అంటువ్యాధి ప్రాకునని వారి నమ్మకము. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికి తెలియును?

1868 మొదలు బొంబాయి, సూయజ్‌ల నడుమ ఓడలోనే తపాలా కచ్చేరి యుండెను. ఓడ ఊగుచుండగనే గుమాస్తాలు ఉత్తరములను వేరుపరచి, రేవు చేరునప్పటికి రైలు సంచులు సిద్ధపరచెడివారు. 'సీ పోస్టాఫీసు' అను ముద్ర ఈ శ్రమకు గుర్తు.

ఇట్టి ఉత్తరము దొరకినచో ఏమి చేయవలెను? బిళ్ళను ఊడదీయరాదు. జిగురుపట్టీ అంటింపరాదు. ఎండ తగులనీయరాదు, పాత సిరా వెలిసిపోవును. మాటిమాటికి మడత విప్పినచో కాగితము అచ్చటనే చినుగును. చెప్పదలచినది వేరొక కాగితముపై పెన్సిలుతో వ్రాసి ప్రక్కన ఉంచవలెను. ఆ కాలపు పత్రికలలో ఓడల రాకపోకల తేదీలు అచ్చయ్యెడివి. వానితో ముద్రలను సరిపోల్చినచో ఓడ పేరు సైతము తెలియవచ్చును. పాఠశాలలో ఒక చరిత్ర తరగతికి ఇది చక్కని పని.

1862 నవంబరులో 'కొలంబో' అను టపా ఓడ ఇండియానుండి సూయజ్‌కు పోవుచు మినికాయ్ దీవివద్ద దిబ్బనెక్కి పగిలెను. సంచులను నీటినుండి పైకి తీసిరి. ఉత్తరములు తడిసి, చాలవానికి బిళ్ళలు ఊడిపోయెను. ఆ ఉత్తరములు లండను చేరినప్పుడు, 'కొలంబో ప్రమాదమునుండి రక్షింపబడినది' అను అర్థము గల ముద్ర వేసి పంచిరి. మరకపట్టి, బిళ్ళలేక, అక్షరములు అలుకుకొనిపోయిన ఆ కాగితములకొరకే సంగ్రాహకులు నేడు పోటీపడుచున్నారు.