పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ – ఆలస్యంగా వచ్చిన కెమెరా



కవి గతించినా కావ్యం నిలుస్తుంది. శిల్పి గతించినా శిల్పం నిలుస్తుంది. రంగస్థల నటుని కళ మాత్రం తెర దిగగానే చూచినవారి జ్ఞాపకాలలోనికి వెళ్ళిపోతుంది. ఆ చూచినవారూ గతిస్తే ఇక దానికి సాక్ష్యమెవరు? ఆంగ్ల నటీమణి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ చరిత్ర చదివినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న ఇది.

ఆమె 1907 డిసెంబరు 22న లండన్ చెంతనున్న క్రోయ్‌డన్‌లో జన్మించింది. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో మరణించాడు. పదహారవ యేట ఎల్సీ ఫోగర్టీ నడిపే నాటక విద్యాలయంలో చేరి, 1926లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో తొలిసారి వృత్తినటిగా రంగమెక్కింది.

1930లో లండన్ సవాయ్ థియేటర్‌లో 'ఒథెల్లో' ప్రదర్శించారు. ఒథెల్లోగా అమెరికా నుండి వచ్చిన నల్లజాతి మహానటుడు పాల్ రోబ్సన్, డెస్డిమోనాగా ఇరువది రెండేళ్ళ పెగ్గీ. తెల్లజాతి యువతి నల్లజాతి నటునికి భార్యగా నటించడం కొందరికి కంటగింపైనది. ద్వేషంతో నిండిన ఉత్తరాలు ఆమెకు వచ్చాయి. 1935లో జాన్ గిల్‌గుడ్ దర్శకత్వంలో ఆమె జూలియెట్ అయినది. గిల్‌గుడ్, లారెన్స్ ఒలీవియే ఇరువురూ రోమియో, మెర్క్యూషియో పాత్రలను మార్చుకొంటూ నటించారు. ఆ రెండు ప్రదర్శనలనూ ఏ కెమెరా పట్టి ఉంచలేదు. విచిత్రమేమంటే అదే 1935లో విడుదలైన హిచ్‌కాక్ చిత్రం 'ది 39 స్టెప్స్'లో ఒక పేదరైతు భార్యగా ఆమె కొద్ది నిమిషాలు కనిపిస్తుంది. జూలియెట్ మనకు దక్కలేదు, ఆ కొద్ది నిమిషాలు దక్కాయి.

1956లో ఆమెకు డేమ్ బిరుదు లభించింది. 1962లో స్వస్థలమైన క్రోయ్‌డన్‌లో ఆమె పేరిట నాటకశాల వెలసింది. పీటర్ హాల్ స్థాపించిన రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి ఆదినుండీ ఆమె ఆధారస్తంభం. 1963లో ఆ సంస్థ ప్రదర్శించిన 'ది వార్స్ ఆఫ్ ది రోజెస్' నాటకత్రయంలో మార్గరెట్ రాణి పాత్ర ధరించింది. నవవధువుగా ప్రవేశించి, శాపాలు పెట్టే ముదుసలిగా నిష్క్రమించే పాత్ర అది. అప్పటికి ఆమె వయసు ఏబది అయిదు. దానిని బీబీసీ చిత్రీకరించి 1965లో ప్రసారం చేయడం మన అదృష్టం.

ఇక 1984. డేవిడ్ లీన్ 'ఎ పాసేజ్ టు ఇండియా'లో ఆమె మిసెస్ మూర్. అందులోని గుహల దృశ్యాలను బెంగళూరు చేరువ కొండలలో తీశారు. ఆ పాత్రకు 1985లో, డెబ్బది ఏడవ యేట, ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో అంతటి వయసు గల విజేత అంతకు ముందు లేరు. ఆమె తరఫున ఏంజెలా లాన్స్‌బరీ దానిని స్వీకరించింది.

నాకు మిసెస్ మూర్ కంటె, అదే యేడు గ్రనాడా టెలివిజన్ ధారావాహిక 'ది జ్యూయెల్ ఇన్ ది క్రౌన్'లో ఆమె పోషించిన బార్బీ బాచిలర్ దగ్గరిది. బార్బీ భారతదేశంలో మిషన్ బడులలో పనిచేసి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయిని. తన ఉద్యోగజీవితపు గుర్తులన్నీ ఒక ట్రంకుపెట్టెలో దాచుకొన్నది. ఆశ్రయమిచ్చిన వృద్ధురాలు చనిపోగానే ఆమెకూ ఆ పెట్టెకూ ఇంట చోటు లేకపోయింది. పెట్టెను తెచ్చుకొనే ప్రయత్నంలోనే టాంగా ప్రమాదానికి గురై, చివరకు మూగబోతుంది. అంతవరకు ఆపకుండా మాటలాడిన మనిషి మౌనంగా కిటికీలోనుండి చూసే దృశ్యాన్ని, బడి వదలిన పంతులుగా నేను తేలికగా చూడలేకపోయాను. ఎన్ని యేండ్లు ఎన్ని తరగతులకు చెప్పిన పాఠాలో! వాటినీ ఏ కెమెరా పట్టలేదు.

ఆమెకు కీర్తి వృద్ధాప్యంలో వచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లండు ప్రేక్షకులు ఆమెను యౌవనంలోనే గుర్తించారు. ఆలస్యంగా వచ్చినది కెమెరా. బార్బీలో ఏబది యెనిమిదేండ్ల రంగస్థలం ఉన్నది. 1991 జూన్ 14న ఆమె కన్నుమూసింది. డెస్డిమోనాను చూచినవారు నేడు లేరు. అయినా ఆనాటి సాధనలో కొంత బార్బీ గొంతులో వినిపిస్తుందని నా నమ్మకం. వీలైతే చూడండి, మీకేమి వినిపించినదో నాకు వ్రాయండి.