కంప్యూటరునందు తెలుగు లిపి: సంకేతముల చరిత్ర

శాసనలిపిని గూర్చియు, ముద్రణలిపిని గూర్చియు మన భాషలో విస్తృతమైన పరిశోధన జరిగినది. కంప్యూటరులోని తెలుగు లిపి చరిత్రమును అట్టి శ్రద్ధతోనే పరిశీలింపవలసియున్నది. ఈ లిపిని తీర్చినవారు సాఫ్ట్‌వేరు నిర్మాతలు. వారి సాధనములను, వారి సమాజములను ఎఱుగక నేటి తెలుగు వాఙ్మయము ఎట్లు నిలుచునో, ఎట్లు నశించునో నిర్ణయింపజాలము. ఒక గ్రామనామమును ఉదాహరణముగా గొని ఈ విషయమును వివరింతుము.

శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరము ప్రాంతమున తాడిమర్రి యను గ్రామము కలదు. కంటికి ఆ పేరున నాలుగక్షరములు: తా, డి, మ, ర్రి. నేడు వాడుకలోనున్న యూనికోడు పద్ధతియందు కంప్యూటరు దానిని తొమ్మిది సంకేతములుగా భద్రపఱచును: త, దీర్ఘము, డ, గుడి, మ, ర, పొల్లు, ర, గుడి. రెండు రకారముల నడుమ పొల్లుండుటచే ఖతి, అనగా ఫాంటు, రెండవ రకారమును వత్తుగా చూపును. కావున భద్రపఱచబడు సంకేతము వేఱు, కనబడు రూపము వేఱు. వ్యాకర్తలు వర్ణమునకును లిపికిని చూపు భేదమువంటిదే యిది.

ఈ వివేకము మన దేశమునను ఏర్పడెను. 1980వ దశకమున కాన్పూరు ఐ.ఐ.టి.లో భారతీయ లిపులను కంప్యూటరునకు తెచ్చు యత్నములు జరిగెను. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ యను ఉమ్మడి సంకేతపద్ధతిని స్వీకరించెను. ఆ సంవత్సరము అక్టోబరున వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణము, ఇస్కీ యొక్క 1988 నాటి రూపము ననుసరించి, తెలుగునకు 128 స్థానముల ఖండమును కేటాయించెను.

ప్రమాణ మేర్పడినను ఆచరణము వేఱుదారి పట్టెను. పత్రికలును ముద్రణాలయములును వాడిన ఖతులలో ఒక్కొక్కదాని అమరిక ఒక్కొక్క తీరు. రోమను అక్షరముల స్థానములలో తలకట్లు, గుణింతపు తునుకలు, వత్తులు నింపబడెను. ఖతి యున్నంతవఱకు పుట అందముగా కనబడును. అది లేనిచో మిగులునవి అర్థరహితములైన చిహ్నములు. అట్టి ప్రతిలో తాడిమర్రి యని వెదకిన, పేరు ఉండియు దొరకదు. గ్రామనామములను సేకరించు పరిశోధకునకు ఇది ఎంతటి నష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ చెఱ నుండి తెలుగును విడిపించుటలో స్వచ్ఛందముగా పనిచేసినవారి పాత్ర మిక్కిలి పెద్దది. హ్యూస్టనులోని రైసు విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద్ కిశోర్ గారలు ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించిరి. రోమను మీటలతో వ్రాసినది దానిచే తెలుగగును. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు యూనికోడు ననుసరించి పోతన, వేమన ఖతులను తీర్చిరి. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టిన వెన్న నాగార్జునగారే, పత్రికల ఖతులలోని పాఠమును యూనికోడునకు మార్చు 'పద్మ'ను నిర్మించిరి. వీవెన్‌గారి 'లేఖిని' పద్మను, ఆర్.టి.ఎస్. పద్ధతిని ఆధారముగా గొనెను. మూలపాఠమును దాచక అందఱకు ఇచ్చుటచేతనే ఒకరి కృషి మఱియొకరికి పునాదియైనది.

సంకేతపట్టిక నేటికిని పెరుగుచున్నది. ప్రాచీనశాసనములందు కానవచ్చు ఴ, ౚ అను అక్షరములు కొలిచాల సురేశ్‌గారి ప్రతిపాదనలచే క్రమముగా 2014, 2015 సంవత్సరములలో యూనికోడున చేరినవి. నకారపొల్లునకు 2021లో ప్రత్యేకస్థానము లభించినది. శాసనపాఠములను యథాతథముగ కంప్యూటరున నిలుపుటకు ఇవి అత్యవసరములు.

అయినను సంకేత ముండుట మాత్రమే చాలదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమున, దీర్ఘమునకు ముందు సంయోగనివారకమగు అదృశ్యచిహ్నము చేరిన ఒక కూర్పు ఆపిల్ ఫోనులలోని ప్రోగ్రాములను స్తంభింపజేసెను. ఆ నెల 19వ తేదీన సంస్థ సవరణను విడుదల చేసెను. సంకేతములను రూపములుగా మార్చు ప్రోగ్రాములను తెలుగు లిపిలోని కూర్పులన్నిటితోను పరీక్షింపవలెనని దీనివలన తేలుచున్నది.

పాత ఖతులలో కూర్చిన సిద్ధాంతగ్రంథములును, శాసనప్రతులును మన శాఖలలో ఉన్నంతవఱకు ఈ చరిత్ర ముగిసినది కాదు. వానిని యూనికోడునకు మార్చు సాధనములు కలవు. మార్చిన పాఠమున అరసున్న, శకటరేఫము, వత్తులు తాఱుమాఱు కాకుండ చూచుట భాష నెఱిగినవారి పని. పరిశోధకవిద్యార్థులకు పరిష్కరణవిధానము బోధించునపుడే సంకేతజ్ఞానమును గూడ బోధించుట యుక్తము. అపుడు తాడిమర్రి మొదలగు గ్రామనామములు వెదకినవారికి దొరకును.