వంగెడు కాయము, కదలెడు యంత్రము

మన యీడువారిలో కావడి మోయువానిని చూడనివా రుండరు. వాడు నడచుచుండగా వెదురుబద్ద యడుగడుగునకు వంగి లేచుచుండును. ఆ యూపునకు సరిపడునట్లు పాద మెత్తి వేయుట నేర్చినవాడే పనివాడు. ఆ బద్దకు రెండు చలనము లున్నవి. మోయువానితో ఊరినుండి ఊరికి పోవుట యొకటి, తనలో తాను వంగుట మఱియొకటి. పాశ్చాత్యశాస్త్రజ్ఞులు బహుకాలము ఈ రెంటిని రెండు వేర్వేరు గణితములుగా నుంచిరి. అవి యెట్లు కలిసెనో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

మొదటి గణితమునకు పెద్ద స్విట్జర్లాండున జన్మించిన ఆయిలరు. ఆయన 1765లో ప్రకటించిన గ్రంథమున దృఢకాయముల చలనమును నిరూపించెను. దృఢకాయ మనగా ఎంత బలము పడినను వంగనిది, సాగనిది. అట్టిదానికి ఆరు స్వేచ్ఛలు మాత్రమే యుండును. మూడు దిక్కులకు జరుగుట మూడు, మూడు అక్షములచుట్టు తిరుగుట మూడు. లెక్క సులభము. కాని లోకమున నిజముగా దృఢమైన వస్తు వెక్కడ నున్నది?

ఈ ప్రశ్న వట్టి తర్కము కాదని ఆకాశముననే తేలినది. అమెరికావారు 1958 జనవరి 31న తమ మొదటి కృత్రిమోపగ్రహమగు ఎక్స్‌ప్లోరర్ 1ను పంపిరి. అది రెండు మీటరుల పొడవు గల సన్నని గొట్టము, బరువు సుమారు 14 కిలోలు. కదురువలె తన పొడవు అక్షముపై తిరుగుచు నిలకడగా నుండునని వారి యూహ. దృఢకాయమైనచో అట్లే యుండెడిది. కాని దాని ప్రక్కలనుండి నాలుగు మెత్తని ఆంటెన్నా తీగలు వ్రేలాడుచుండెను. ఆ తీగలు వంగుచు లేచుచు నుండుటచే తిరుగుడులోని శక్తి కొంచెము కొంచెముగా వేడియై పోయినది. భ్రమణవేగమునకు సంబంధించిన కోణీయద్రవ్యవేగము మాత్రము తరుగరాదు. శక్తి తరుగవలె, అది తరుగరాదు. ఈ రెండు నియమములకు లోబడి గొట్టము మెల్లగా ఒరిగి, కదురువలె గాక, గాలిలోనికి విసరిన కఱ్ఱవలె తలక్రిందులుగా తిరుగసాగెను. పరికరములు పనిచేసినవి కావున భూమిచుట్టు గల వికిరణవలయముల జాడ తెలిసినది. అయినను నాలుగు తీగల వంపును లెక్కనుండి విడిచినందులకు ఉపగ్రహమే తన నడక మార్చుకొన్నది.

ఇక రెండవ గణితము, వంగు వస్తువులది. కూరంటు అను గణితజ్ఞుడు 1943లో ఒక క్షేత్రమును చిన్నచిన్న త్రికోణములుగా విభజించి ఉజ్జాయింపు లెక్క చేయు మార్గము చూపెను. 1956లో టర్నరు, క్లౌ, మార్టిన్, టాప్ అను నలుగురు విమానపు ఱెక్కల బిగువు నిర్ణయించుటకు ఇట్టి పద్ధతినే ప్రకటించిరి. 1960లో క్లౌ దీనికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టెను. మనము పరిమితాంశపద్ధతి యనవచ్చును. వరంగల్లున జన్మించి ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన జె. ఎన్. రెడ్డిగారు 1984లో దీనిపై వ్రాసిన పాఠ్యగ్రంథము దేశదేశముల విద్యార్థులు చదువుచున్నారని చెప్పుట నాకు సంతోషము.

ఈ పద్ధతిలో చిక్కు సంఖ్యాబాహుళ్యము. ఆయిలు ఇంజనులో పిస్టనును క్రాంకుతో కలుపు కనెక్టింగ్ రాడ్డును 50,000 బిందువులుగా విభజించితి మనుకొనుడు. బిందువునకు మూడు చొప్పున 1,50,000 అవ్యక్తరాశు లేర్పడును. నిలిచియున్న వస్తువునకు ఒక్కసారి లెక్కకట్టుట సాధ్యమే. తిరుగుచున్న ఇంజనునకు క్షణమున వేలసార్లు కట్టవలెనన్నచో కంప్యూటరును అలసిపోవును.

సమాసము తెలిసినవారికి దీని పరిష్కార మాశ్చర్యము గొలుపదు. రాముని బాణము రామబాణ మైనప్పుడు లోపలి విభక్తి లోపించును, అర్థము పోదు. వాక్యముతో సంబంధము కడపటి విభక్తిదే. అట్లే లోపలి బిందువులను లోపింపజేసి, ఇతరభాగములతో కలియు కీళ్లను మాత్రము నిలుపుట ఉపాయము. 1965లో గయాన్ ఒక విధమునను, హర్టీ మఱియొక విధమునను దీనిని చూపిరి. 1968లో క్రెయిగ్, బాంప్టన్ అనువారు సులభపఱచిరి. కీళ్లను బిగించి వస్తువును కంపింపజేసిన కలుగు సహజరూపములు కొన్ని. ఒక్కొక్క కీలును ఒక్కొక్క స్వేచ్ఛలో ఒక ప్రమాణముమేర కదిపిన కలుగు వంపులు కొన్ని. వస్తువు వంపంతయు వీని మిశ్రమమే. మన రాడ్డునకు కీళ్లు రెండు, కీలునకు ఆరు చొప్పున పండ్రెండు వంపులు. సహజరూపము లిరువది చేర్చినచో మొత్తము ముప్పదిరెండు. లక్షన్నర ముప్పదిరెండైనది!

అలుక్సమాసము కూడ ఇందు గలదు. యుధిష్ఠిరశబ్దమున లోపలి విభక్తి నిలిచినట్లు, వస్తువు నడుమ నెక్కడనైన బలము పడనున్నచో ఆ బిందువును లోపింపజేయరాదు. ఈ సంగతి మఱచి, పిదప లెక్క తప్పెనని యంత్రమును నిందించుట న్యాయము కాదు.

కదలు యంత్రములను లెక్కించు ఆడమ్స్ అను సాధనము మిచిగన్ విశ్వవిద్యాలయపు కృషినుండి వెలువడినది. దాని సంస్థ 1977లో ఏర్పడెను. మొదట అందు భాగములన్నియు ఆయిలరు దృఢకాయములే. తరువాత ముప్పదిరెండు రూపములను, వాని బరువును, బిగువును ఒక చిట్టాగా వ్రాసి పరిమితాంశసాధనమునుండి దీని కందించు వాడుక కలిగినది. నాస్ట్రాన్ అను పరిమితాంశసాధనమును విక్రయించు సంస్థయే 2002లో ఆడమ్స్ సంస్థను కొనుటచే, రెండు గణితములు ఒకే యింట కాపురము పెట్టినవి.

చిట్టా నందించుటలో రెండు జాగ్రత్తలు గలవు. కీలు ఒక్క బిందువు కాదు, ఒక రంధ్రము. దాని యంచునందలి బిందువులన్నిటిని, బండిచక్రపు ఆకులు నాభిని చేరినట్లు, నడిమి యొక బిందువునకు కట్టవలెను. రెండవది సూక్ష్మము. ఆ ముప్పదిరెండింటిలో ఆరు, సరిగా విడదీసి చూచినచో, వంపులే కావు. వస్తువు మొత్తముగా జరుగుట, తిరుగుటయే. ఆ ఆరు స్వేచ్ఛలను చలనసాధనము ముందే లెక్కించియున్నది. ఒకే నడకను రెండుమార్లు లెక్కింపరాదు కావున వానిని త్రోసివేయుదురు. ఇరువదియారు మిగులును. కావడివానితో పోవు నడక యొకచోట, బద్దలోని వంపు ఒకచోట చేరినవి. ఇట్లు తేలిన బలములను మరల పరిమితాంశసాధనమున కిచ్చి, రాడ్డున బీట యెక్కడ పుట్టునో చూతురు.

అయితే ఇది స్వల్పమైన వంపునకే చెల్లును. పెద్ద చేప తగిలిన గాలపుకఱ్ఱవలె వస్తువు విల్లుగా వంగినచో ఈ మిశ్రమము పనికిరాదు. అట్టివానికై షబానా అను పండితుడు 1996 ప్రాంతమున వేఱు మార్గము త్రొక్కెను. అందు నడకను, వంపును విడదీయక, ప్రతి బిందువును భూమినుండియే కొలుతురు. లెక్క బరువైనది, కాని గాలపుకఱ్ఱకు అదియే తగినది.