విదేశీ అతిథుల గృహవాసం (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం)

పరాయి చోటికి వెళ్లినవారు అక్కడి కుటుంబంతో, వారి వంట తింటూ ఉండటాన్ని హోమ్‌స్టే అంటారు. డబ్బు తీసుకోకుండా ఆతిథ్యమిచ్చే సర్వాస్ ఉద్యమం 1949లో డెన్మార్క్‌లో మొదలైంది. శ్రీ సత్యసాయి జిల్లాలో విదేశీయులకు ఇళ్ల తలుపులు తెరిపించింది మాత్రం విహారం కాదు, మొదట భక్తి, తరవాత కార్ఖానా.

పుట్టపర్తిలో సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం 1950 నవంబరు 23న ప్రారంభమైంది. 2000లో అక్కడ రైల్వే స్టేషను వచ్చేదాకా రైల్లో వచ్చే భక్తులు ధర్మవరంలోనో పెనుకొండలోనో దిగి, మిగతా దారి బస్సులో వెళ్లాల్సివచ్చేది. ఆశ్రమంలో చోటు చాలనప్పుడు ఊళ్లో గదులు అద్దెకు తీసుకునేవారు. ఎక్కువకాలం ఉండిపోయిన విదేశీయులకు ఇంటివాళ్లే ఊరిని పరిచయం చేశారు.

రెండో మలుపు పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా కర్మాగారం. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో మొదలైన సంస్థ వెంట కొరియన్ ఉద్యోగులూ, వారి భాషలో బోర్డులున్న భోజనశాలలూ, గెస్ట్‌హౌసులూ వచ్చాయి. ఈ గెస్ట్‌హౌసులను హోమ్‌స్టేలనడం సరికాదు. తమ తిండి తమకు దొరికిన చోట పక్కింటి పొయ్యి దాకా వెళ్లాల్సిన పని పడదు.

అయినా ఈ ప్రాంతపు ఇల్లు అతిథికి నిజంగా ఇవ్వగలిగినది చాలా ఉంది. ధర్మవరం పట్టు నేతగాళ్లలో చాలామందికి గుంత మగ్గం ఇంట్లోనే ఉంటుంది. దానికి చోటిచ్చాకే మనుషుల పడక. అక్కడుండే అతిథికి చీర వెనక ఇంటిల్లిపాదీ పడే శ్రమ కళ్లెదుటే కనబడుతుంది: ఒకరు నేస్తుంటే ఇంకొకరు కండెలు చుడతారు. హిందూపురం కర్ణాటక సరిహద్దు ఊరు, తెలుగులో కన్నడం కలిసి వినిపిస్తుంది. పొద్దున ఉగ్గాణి, బజ్జీ, మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, పండగకు ఓళిగలు. అడుగుపెట్టగానే చెంబుతో నీళ్లిస్తారు. వాన తక్కువ సీమ ఇది. ఆ నీళ్ల విలువ తెలిసిన అతిథి స్నానానికి ఒక బకెట్‌తో సరిపెట్టుకుంటాడు. పేరు పెట్టి పిలవడం కంటే అన్నా, అక్కా అంటేనే ఇంటివాళ్లకు దగ్గరవుతాడు.

ఆతిథ్యంతో పాటు ఒక బాధ్యతా ఉంది: విదేశీయుడికి ఇల్లు అద్దెకిచ్చి బస కల్పించేవారు అతడు దిగిన 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. ఇందుకు పాస్‌పోర్టు, వీసా వివరాలు కావాలి.