సాంచాల చప్పుడు.. చెవికి చేటు
వినికిడి లోపాన్ని తేల్చేది ఆడియోమెట్రీ పరీక్షే

సిరిసిల్ల: చేయి చాపినంత దూరంలోని మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచవలసి వస్తే అక్కడి శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్లు వృత్తి ఆరోగ్య నిపుణులు అంచనా వేస్తారు. సిరిసిల్ల సాంచాల షెడ్లలో గొంతు పెంచినా చాలదు, సైగ చేయవలసిందే. ఇంటికి వెళ్లాక టీవీ శబ్దం పెంచమనడం, చెవిలో ఆగని హోరు, నలుగురిలో మాట బోధపడకపోవడం వంటి లక్షణాలను వయసు మీద పడటంగా భావించి ఊరుకోవడం ఇక్కడ పరిపాటి.

ఎడతెగని శబ్దానికి లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తాయి. అవి తిరిగి పుట్టవు. మందులతో గానీ, శస్త్రచికిత్సతో గానీ వాటిని తిరిగి తెప్పించలేరు. కనుక నష్టాన్ని ముందుగా పసిగట్టడమే మార్గం.

నిశ్శబ్ద గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు వేర్వేరు స్థాయుల్లో ధ్వనులు వినిపిస్తారు. వినబడగానే మీట నొక్కాలి. ఫలితాన్ని గీతగా గీస్తారు. శబ్దం వల్ల కలిగిన నష్టమైతే సాధారణంగా 4000 హెర్ట్జ్ వద్ద గీత గుంటలా దిగి, 8000 వద్ద కొంత పైకి లేస్తుంది. వయసు వల్ల వచ్చినదైతే 8000 వద్ద ఇంకా దిగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గుంట వెడల్పై ఈ తేడా చెరిగిపోతుంది. గులిమి, చీము వంటి కారణాలు కాదని నిర్ధారించడానికి చెవి వెనుక ఎముకపై కంపనపు పరికరం ఉంచి మరో పరీక్ష చేస్తారు.

పరీక్ష వేళ ముఖ్యం. పని దిగి నేరుగా వస్తే తాత్కాలిక మొద్దుతనం వల్ల నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. కనీసం 14 గంటలు చప్పుడుకు దూరంగా ఉండాలి. 12 గంటల పాళీ చేసేవారికి రెండు పాళీల నడుమ అంత విరామమే దొరకదు. సెలవు మరునాడు, సాంచాల వద్దకు వెళ్లకముందే చేయించుకోవడం మేలు.

శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రకటించవలసిన వ్యాధుల జాబితాకెక్కింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. అయితే ఈ కోడ్ ప్రకారం విద్యుత్తుతో నడిచే చోట 20 మంది పనిచేస్తేనే అది కర్మాగారం. ఇద్దరు ముగ్గురితో నడిచే ఆసాముల షెడ్లు ఈ లెక్కలోకి రావు.

ధ్రువపత్రం విషయమూ అంతే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, మాటలు వినే స్థాయుల్లో రెండు చెవులకూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. 4000 హెర్ట్జ్ వద్ద మాత్రమే దెబ్బతిన్న కార్మికుడికి ఆ పత్రం దక్కదు. పనిలో చేరిన నాటి పరీక్ష కాగితం లేకుంటే లోపం ఎప్పటిదన్న వాదన వేరే మొదలవుతుంది. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని సాంచాల నడుమ పనిచేస్తున్నదీ రాసి తీసుకెళ్లడం అవసరం.