అరుగు బడి నుండి రాత్రిబడి వరకు

నాగారము మీదుగా కీసర పోయే దారి మన సంఘ సభ్యులకు కొత్త కాదు. శివరాత్రి జాతర రోజులలో ఆ దారిన బస్సు దొరకడము ఎంత కష్టమో కూడ అందరికీ తెలుసు. కాని కీసరగుట్ట మీద ఒక రాతిపై చెక్కిన చిన్న మాట ఒకటి ఉన్నదని మనలో చాలమంది ఎరుగరు. “తొలుచువాన్ఱు” అన్నది ఆ మాట. రాళ్లు తొలిచేవారు అని పండితులు దానికి అర్థము చెప్పారు. విష్ణుకుండిన రాజుల కాలమునాటిదని, తెలుగులో మనకు దొరికిన అతి ప్రాచీనమైన మాటలలో ఒకటని వారి అభిప్రాయము. అంటే సుమారు 1,500 సంవత్సరముల క్రితము రాయి కొట్టేవారిని గూర్చిన మాట ఆ రాతిమీద నిలిచినది. మరి వారి పిల్లలు ఏ బడిలో చదివి ఉంటారు? ఈ వ్యాసము వ్రాయడానికి మేము పూనుకొన్నది ఈ ఒక్క ప్రశ్న మూలముగానే.

ఆ విష్ణుకుండినులకు విద్య మీద ఆసక్తి లేకపోలేదు. ఇంద్రభట్టారకవర్మ ఘటికల వలన పుణ్యము కూడబెట్టుకొన్నాడని శాసనము చెబుతున్నది. ఘటిక అనగా వేదశాస్త్రములు నేర్పే ఉన్నత విద్యాస్థానము. నేడు అదే కీసరగుట్టలో తిరుమల తిరుపతి దేవస్థానము వారి వేద పాఠశాల ఉన్నది. అక్కడి చదువును మన పిల్లల ట్యూషన్లతో పోల్చి చూడడము మంచిది.

వేద విద్యలో పుస్తకము తరువాతి మాట. ముందు సంత. గురువు ఒకసారి పలుకుతారు, శిష్యులు రెండుసార్లు పలుకుతారు. స్వరము తప్పితే మళ్లీ మొదలు. వాక్యమును పదములుగా విడదీసి చెప్పడము పదపాఠము. ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని జతలుగా అల్లుకొంటూ పోవడము క్రమము. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని వెనుకకు ముందుకు తిప్పడము జట. దానిని మూడవ పదము వరకు పెంచి తిప్పితే ఘన. వినడానికి వింతగా ఉంటుంది గాని ఇందులో లెక్క ఉన్నది. ఒక్క పదము జారిపోయినా, స్థానము మారినా తిప్పడములో పట్టుబడిపోతుంది. వ్రాత మీద ఆధారపడకుండ వేల సంవత్సరములు ఒక గ్రంథమును చెడకుండ కాపాడిన పద్ధతి ఇది. 2003లో యునెస్కో దీనికి గౌరవమిచ్చినది. ఆదివారపు బడిలో ఒక కీర్తన కంఠస్థము చేయించడానికి మనము పడే పాట్లు తలచుకొంటే ఆ గురువులకు నమస్కరించక తప్పదు.

శిష్యుడు గురువు ఇంటిలోనే ఉండి, ఆయన పశువులను కాచి, ఆయన తిన్నదే తిని, చదువు ముగిసిన తరువాత దక్షిణ ఇచ్చేవాడు. నెల జీతము లేదు, పరీక్ష హాలు లేదు. గురువుకు ప్రతి పిల్లవాని బలమూ బలహీనతా తెలుసు. మన విద్యాధికారులు ఎన్ని కమిటీలు వేసినా తేలేకపోయినది ఇదే. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు తన గోత్రమేమిటో తనకు తెలియదని, తల్లికీ తెలియదని దాచకుండ చెప్పగా, ఆ సత్యము విని గౌతముడు అతనిని శిష్యునిగా తీసుకొన్నాడు. భారతములో ఏకలవ్యుని కథ వేరు. అతనికి గురువు దొరకలేదు, దక్షిణ మాత్రము చెల్లించవలసి వచ్చినది. ఒకే సంప్రదాయము ఈ రెండు కథలనూ దాచిపెట్టుకొన్నది.

కాకతీయుల కాలమునకు వస్తే గుంటూరు సీమలోని మల్కాపురము శాసనము చదవదగినది. అది 1261వ సంవత్సరపుది, రుద్రమదేవి పాలనా కాలము. విశ్వేశ్వర శివాచార్యులకు మందడము గ్రామము దానముగా వచ్చినది. ఆయన అక్కడ మఠము, విద్యాలయము, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పాటు చేశారు. ఋగ్యజుస్సామ వేదములకు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్యాది శాస్త్రములకు ఐదుగురు అధ్యాపకులు. సత్రములో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు వచ్చిన వారందరికీ అన్నము పెట్టాలని శాసనము స్పష్టముగా చెబుతున్నది. అన్నము అందరికీ అన్నారు. పాఠము అందరికీ అన్నమాట మాత్రము లేదు. ఏడు వందల ఏళ్ల క్రితపు దాతను తప్పుపట్టడము మా ఉద్దేశము కాదు. ఆ మాత్రము అన్నము కూడ పెట్టని వారు తరువాత చాలమంది వచ్చారు.

వేద పాఠశాలలు కొద్దిమందివి. ఊళ్లలో మామూలు పిల్లలకు ఉన్నది వీధి బడి, అంటే ఎవరి ఇంటి అరుగుమీదనో పంతులుగారు నడిపే బడి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఈ బడుల లెక్క తీయించాడు. 1826 నాటికి రాజధాని మొత్తము మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటన్నిటిలో రుచికరమైనది. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. ఉదయము ఆరు గంటలకు బడి. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవానికి సున్న. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లా వరుసగా. ఆఖరున వచ్చినవాని సంగతి చెప్పనక్కరలేదు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించడము, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడము, పంతులు అందరినీ చూచుకోవడము ఆ బడి రీతి. కాంప్‌బెల్ దీనిని మెచ్చుకొన్నాడు, ఇంగ్లండు దీనిని అనుకరించినది సరియేనన్నాడు. పద్యములు అర్థము తెలియకుండ వల్లిస్తున్నారని నొచ్చుకొన్నాడు కూడ.

ఇంగ్లండు అనుకరించినదన్న మాట దగ్గర మన సంఘస్థులు కొంచెము ఆగాలి. ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు 1789 నుండి మద్రాసు ఎగ్మూరులో సోల్జర్ల పిల్లల అనాథాశ్రమమును చూచుకొన్నాడు. ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడము చూచి, తన ఆశ్రమములో అట్లే చేయించాలనుకొన్నాడు. ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవానిని చిన్న పిల్లల మీద పెట్టి నేర్పించాడు, అది పారినది. 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము వేశాడు. 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ఇంగ్లండు చర్చి బడులలో ఆ పద్ధతినే పెట్టినది. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు. తరువాత మిషనరీలు మనకు బడి తెచ్చారని మనము చెప్పుకొంటాము, నిజమే. కాని వారి బడిలో కొంత మన అరుగుమీద నుండి పోయి ఓడలో తిరిగి వచ్చినదే.

అయితే ఆ అరుగు ఎవరిది? బళ్లారి జిల్లా 6,641 మంది పిల్లలలో ఆడపిల్లలు 60 మంది. ఊరి చివరి వాడల పిల్లలకు పంతులుగారి అరుగు ఎక్కే వీలే లేదు. నిజాము రాజ్యములో ఈ బాధకు తోడు భాష బాధ. సర్కారు బడిలో ఉర్దూ, 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో కూడ బోధన ఉర్దూలోనే. తెలుగు చెప్పే ఖానగీ బడి పెట్టాలంటే అనుమతి కావాలి.

ఇట్టి కాలములో మన తాతలకు అక్షరము దొరికినది రాత్రిబడిలో. పగలు పిల్లవాడు దొరగారి పశువుల వెంట జీతము ఉండేవాడు, లేకపోతే వెట్టికి పోయేవాడు. అందుచేత ఉపదేశిగారు చీకటి పడిన తరువాత, కందిలి వెలుతురులో పలక పట్టించేవారు. ఆయన అక్షరము చెప్పేవారు, జ్వరానికి మందు ఇచ్చేవారు, తాసీల్దారుకు అర్జీ వ్రాసిపెట్టేవారు, వాడలోనే కాపురముండేవారు. గురువు శిష్యుల నడుమనే ఉన్నాడు గనుక ఇది కూడ గురుకులమే అని మేము అంటే సంప్రదాయజ్ఞులు కోప్పడకూడదు. ఇక్కడ గురువే శిష్యుల ఇంటికి వచ్చాడు, అంతే తేడా. ఈ పని మన మిషన్లే చేశాయనుకోవడము పొరపాటు. భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, 1910 నుండి హైదరాబాదు నగరములో ఆదిహిందువుల పిల్లలకు బడులు పెట్టించారు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. రాత్రిబడి పోయి ప్రాథమిక పాఠశాల వచ్చినది, పంతులుగారు పోయి సారు వచ్చారు, గంట వచ్చినది, తరగతికి యాభైమంది వచ్చారు. కోదండము వేసే శిక్ష పోయినది, దానికి ఎవరూ చింతించరు. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలసినది. గురుకులమనే పాత పేరు అప్పుడు కొత్త అర్థముతో మళ్లీ వినబడినది. తెలంగాణలో ఈనాడు గురుకులము సీటు అంటే దళిత, గిరిజన, బీసీ తల్లిదండ్రులు ప్రవేశపరీక్ష ఫలితము కొరకు ఎదురుచూచే సీటు. వెయ్యేళ్లు ఆ పేరుగల ఇంటి గడప దాటనివారి మనుమలు ఇప్పుడు అందులో ఉండి చదువుతున్నారు. చరిత్రలో ఇంత చక్కని మలుపు మాకు మరొకటి కనబడలేదు.

ఇక మన బడుల మాట. 2009 విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో 25 శాతము సీట్లు పేద, బలహీనవర్గముల పిల్లలకు ఇవ్వాలన్నది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఆ చట్టము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో అదే కోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు సరియేనా అని సందేహము తెలిపి, పెద్ద ధర్మాసనము చూడాలన్నారు. కోర్టు మాట కోర్టుది. మన హక్కును మనము కాపాడుకోవలసినదే. కాని ఆ హక్కు దేనికి ఇచ్చారో మన కమిటీలలో ఎవరూ అడుగుట లేదు.

ఒకనాడు ఆరాధన అయిన తరువాత ఒక పెద్దాయన మాతో ఈ సంగతే మాట్లాడారు. వారి నాయనకు సంఘమువారు రాత్రిబడిలో పలక ఇచ్చారట, నూనె ఖర్చు కూడ సంఘముదే. మనుమనికి మాత్రము సంఘమువారి పేరుగల ఒక బడిలో డొనేషను అడిగితే ఇచ్చుకోలేక, వేరే చోట చేర్చారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. ఆ పలక ఇంకా ఇంట్లోనే ఉన్నదని, చెక్క చట్రము ఒక మూల విరిగినదని, శతజయంతి ప్రదర్శనలో పెడతామంటే తెచ్చి ఇస్తానని అన్నారు.